ఇంట్లో చేసుకునే చర్మ సంరక్షణలో రోజ్‌మేరీ: తరచుగా అడిగే ప్రశ్నలు

రీల్స్ చూస్తే రోజ్‌మేరీతో తగ్గనిది లేదనిపిస్తుంది. మొటిమలు, మచ్చలు, ముడతలు, జుట్టు రాలడం అన్నింటికీ అదే మందు. ఇంకోపక్క అది రాసుకుని ముఖం మండి, ఎర్రబడి, చివరికి నల్ల మచ్చ మిగిలిందని బాధపడేవాళ్లూ ఉన్నారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ‘రోజ్‌మేరీ’ అనే ఒక్క పేరు కింద నాలుగు రకాల వస్తువులు మన ఇంట్లోకి వస్తున్నాయి. ఒకదానికి ఉన్న గుణం ఇంకోదానికి లేదు, ఒకదానికి సరిపోయే మోతాదు ఇంకోదానికి మంట పుట్టిస్తుంది. చాలా ప్రశ్నలకు జవాబు మీ చేతిలో ఉన్నది వాటిలో ఏది అన్నదాన్ని బట్టే ఉంటుంది.

అసలు ఇది ఏ మొక్క? మన ఆయుర్వేదంలో ఉందా?

మధ్యధరా సముద్ర తీరంలో పుట్టిన పొద ఇది. తులసి, పుదీనా, మరువం ఉన్న కుటుంబమే దీనిదీ. ఆకు సన్నగా సూదిలా ఉంటుంది. పైన ముదురాకుపచ్చ, అంచులు కిందికి మడతపడి, అడుగున తెల్లటి నూగు. రెండు వేళ్ల మధ్య నలిపితే కాస్త జిగురు అంటుకుంటుంది, కర్పూరమూ నీలగిరి తైలమూ కలిసిన ఘాటు వాసన వస్తుంది.

మన దేశంలో నీలగిరి కొండల్లో సాగు చేస్తున్నారు కానీ, ఇది తరతరాలుగా మన అమ్మమ్మలు వాడిన మూలిక కాదు. ‘వేల ఏళ్ల ఆయుర్వేద రహస్యం’ అని సీసా మీద రాసి అమ్మితే, ఆ కంపెనీ మిగతా మాటల్ని కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించి నమ్మండి.

నాలుగు రకాలు అన్నారు. ఏమిటవి?

మొదటిది ఆకు మరిగించిన లేదా వేడినీళ్లలో నానబెట్టిన నీళ్లు, అంటే కషాయం. రెండోది ఎండు ఆకును కొబ్బరి నూనెలోనో నువ్వుల నూనెలోనో ఊరబెట్టి వడగట్టిన నూనె. మూడోది ఆకును ఆవిరి పట్టి తీసే ఎసెన్షియల్ ఆయిల్, చిన్న ముదురు రంగు సీసాల్లో చుక్కల మూతతో వచ్చేది. నాలుగోది ఎక్స్‌ట్రాక్ట్. ఇది ఫ్యాక్టరీలో తీసిన చిక్కటి సారం, ఇంట్లో తయారు చేయలేం.

తేడా ఎక్కడంటే, ఆకులోని రోజ్‌మరినిక్ ఆమ్లం నీళ్లలోకి దిగుతుంది. కార్నోసిక్ ఆమ్లం, కార్నోసాల్ అనేవి నూనెలోకి దిగుతాయి. యాంటీ ఆక్సిడెంట్లని పేరున్న ఈ మూడూ ఆవిరిలో పైకి లేవవు. అందుకే ఎసెన్షియల్ ఆయిల్‌లో ఇవి ఉండవు. అందులో ఉండేది సినియోల్, కర్పూరం, పైనీన్ లాంటి వాసన పదార్థాలు. ‘రోజ్‌మేరీలో యాంటీ ఆక్సిడెంట్లు దండిగా ఉన్నాయి’ అని చెప్పి, చేతికి ఎసెన్షియల్ ఆయిల్ సీసా ఇచ్చే వీడియోలు అందుకే నవ్వు తెప్పిస్తాయి. వాళ్లు పొగిడిన పదార్థం ఆ సీసాలో లేదు.

మరి చర్మానికి నిజంగా చేసే మేలేమిటి?

అన్నిటికంటే గట్టి ఆధారం ఉన్నది యాంటీ ఆక్సిడెంట్ గుణానికి. నూనెలూ కొవ్వులూ గాలి తగిలి కంపు కొట్టకుండా ఆపే శక్తి దీని సారానికి ఉంది. ఎంత నమ్మకమైన గుణమంటే, యూరోపియన్ యూనియన్ 2010లో రోజ్‌మేరీ ఎక్స్‌ట్రాక్ట్‌ను ఈ392 అనే సంఖ్యతో ఆహార పదార్థాల్లో వాడటానికి అనుమతించింది. మీరు కొనే క్రీముల్లో కూడా చాలాసార్లు అది ఉన్నది మీ ముఖం కోసం కాదు, క్రీములోని నూనె పాడవకుండా ఉండటం కోసం. చెడిపోయిన నూనె చర్మానికి చికాకు కలిగిస్తుంది కాబట్టి ఇదీ చిన్న మేలేమీ కాదు.

వాపు, ఎరుపు తగ్గించే గుణం, కొన్ని సూక్ష్మజీవుల్ని అడ్డుకునే గుణం ప్రయోగశాలల్లో కనిపించాయి. గాజు పళ్లెంలో కనిపించిందల్లా మన బుగ్గ మీద అంతే బలంగా కనిపించదు. ఆకు కషాయంతో ముఖం తుడిస్తే హాయిగా, తేటగా అనిపిస్తుంది, జిడ్డు కాస్త తగ్గినట్టుంటుంది. అంతవరకు ఆశించండి.

మొటిమలు తగ్గుతాయా?

మొటిమల్లో పాత్ర ఉన్న బాక్టీరియా మీద, అది రేపే వాపు మీద రోజ్‌మేరీ సారం పనిచేసినట్టు ల్యాబ్‌లోనూ ఎలుకల మీదా చూశారు. మనుషుల మొటిమలకు డాక్టర్లు రాసే మందులతో సమానంగా నిలబడే రుజువు మాత్రం లేదు. ఒకటీ అరా చిన్న మొటిమలు ఉన్నవాళ్లు కషాయాన్ని టోనర్‌లా వాడుకోవచ్చు.

గడ్డల్లాంటి నొప్పి మొటిమలు, గుంటలు పడే మొటిమలు ఉంటే వంటింటి ప్రయోగాలతో నెలలు గడిపేయొద్దు. గుంట పడ్డాక దాన్ని పూడ్చడం మొటిమను తగ్గించడం కన్నా చాలా కష్టం, ఖర్చు కూడా. ఇంకో మాట: మొటిమలున్న ముఖానికి కొబ్బరి నూనెలో ఊరబెట్టిన రోజ్‌మేరీ రాయొద్దు. కొబ్బరి నూనె రంధ్రాలు మూసేసి మొటిమలు పెంచుతుందన్న ఫిర్యాదు ఎక్కువ. రోజ్‌మేరీ చేసే కొద్దిపాటి మేలును అదే తినేస్తుంది.

మంగు మచ్చలు, మొటిమల నల్ల మచ్చలు పోతాయా?

మంగు పోదు. దానికి హార్మోన్లు, ఎండ, వంశం అన్నీ కలిసిన కారణాలు ఉంటాయి. సన్‌స్క్రీన్ లేకుండా ఏం రాసినా అది తిరిగి వస్తుంది. మొటిమల నల్ల మచ్చలు కాలంతో పాటు వాటంతట అవే పలచబడతాయి. ఆ సమయంలో మీరు ఏది రాస్తుంటే దానికే పేరొస్తుంది, రోజ్‌మేరీకి వచ్చిన పేరులో కొంత అలా వచ్చిందే.

మన చర్మం రంగుకు సంబంధించి ఒక సంగతి గట్టిగా చెప్పాలి. చామనఛాయ, నలుపు చర్మం ఏ చిన్న మంటకైనా, ఒరిపిడికైనా నల్ల మచ్చతో బదులిస్తుంది. తెల్లచర్మం వాళ్లకు రెండు రోజుల ఎరుపుతో పోయేది మనకు నెలల తరబడి మచ్చగా మిగులుతుంది. కాబట్టి ‘మండితే పనిచేస్తున్నట్టే’ అనే మాట మనకు అస్సలు పనికిరాదు. మండితే వెంటనే కడిగేయండి.

ముడతలకు?

వయసుతో వచ్చే ముడతలు రోజ్‌మేరీ నీళ్లతో పోవు. నూనె రాసినందువల్ల చర్మం తడి నిలుపుకుని కొన్ని గంటలు నిగనిగలాడుతుంది. ఆ మెరుపు ఏ మంచి నూనెకైనా వస్తుంది.

ఇంట్లో రోజ్‌మేరీ నీళ్లు ఎలా చేసుకోవాలి?

ఒక గ్లాసు, అంటే సుమారు 200 మి.లీ. మంచినీళ్లు బాగా మరిగించి స్టవ్ ఆపేయండి. అందులో రెండు టీస్పూన్ల ఎండు ఆకు వేసి వెంటనే మూతపెట్టండి. ఆకును నీళ్లతో పాటు గంటసేపు మరిగిస్తే వాసన పదార్థమంతా వంటింట్లోకి పోతుంది, మిగిలేది చేదు నీళ్లు. మూతకు కింద పట్టిన చెమటను కూడా మళ్లీ గిన్నెలోకే దులపండి. అరగంట తర్వాత శుభ్రమైన పలుచటి బట్టలో వడగట్టండి. కాఫీ ఫిల్టర్ కన్నా బట్ట నయం, ఎందుకంటే విరిగిన ఆకు కొసలు సూదుల్లా ఉంటాయి, గట్టిగా పిండకుండా దానంతట అదే కారనివ్వాలి.

అప్పుడే వడగట్టిన నీళ్లు లేత పసుపు పచ్చగా ఉంటాయి. ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి కాస్త గోధుమ రంగుకు తిరుగుతాయి. అంతవరకు భయం లేదు. ముఖం కడిగాక దూదితో అద్దుకోండి, స్ప్రే సీసాలో పోసుకున్నా సరే. కళ్లలో పడకుండా చూసుకోవాలి.

ఎన్నాళ్లు నిల్వ ఉంటాయి? విటమిన్ ఈ మాత్ర కలిపితే ఎక్కువ రోజులొస్తాయా?

ఫ్రిజ్‌లో మూడు రోజులు. బయట పెడితే ఆ రోజుకే. మన ఎండాకాలంలో ఉదయం చేసింది సాయంత్రానికి పారేయడం మేలు.

విటమిన్ ఈ విషయంలో చాలామంది పొరబడతారు. అది నూనె చెడకుండా కాపాడుతుంది. నీళ్లలో పెరిగే బాక్టీరియాను, బూజును అది ఆపలేదు. రోజ్‌మేరీ ఎక్స్‌ట్రాక్ట్‌ది కూడా ఇదే కథ. యాంటీ ఆక్సిడెంట్ వేరు, ప్రిజర్వేటివ్ వేరు. నీళ్లున్న ఏ తయారీకైనా సరైన ప్రిజర్వేటివ్ కావాలి, అది లేకపోతే తక్కువ చేసుకుని త్వరగా వాడేయాలి. సీసాను వెలుతురుకు ఎత్తి ఊపి చూడండి. పొగలాంటి తెరలు, దారాల్లాంటివి తేలుతుంటే, పులిసిన వాసన వస్తే అది ముఖానికి కాదు, సింకులోకి.

ఎక్కువ చేసేశారా? ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టండి. రోజుకో ముక్క గిన్నెలో వేసి కరిగించి వాడుకోండి. గడ్డను అలాగే ముఖం మీద రుద్దడం మాత్రం వద్దు.

రోజ్‌మేరీ నూనె ఊరబెట్టడం ఎలా? ఏ నూనె మంచిది?

పూర్తిగా ఎండిన ఆకే వాడాలి. పచ్చి ఆకులో నీరుంటుంది, ఆ నీటితో నూనెలో బూజు పడుతుంది. ఆకును చేతిలో నలిపితే చిటపటమని విరగాలి, వంగకూడదు. సీసా, గరిటె, మూత అన్నీ కడిగి ఎండలో పొడిగా ఆరబెట్టండి. ఒక్క తడి చెంచా చాలు మొత్తం పాడుచేయడానికి, మన ఆవకాయ జాడీకి ఉన్న నియమమే ఇక్కడా.

100 మి.లీ. నూనెకు 20 గ్రాముల ఎండు ఆకు లెక్క. తీరిక ఉంటే సీసాలో పోసి, ఆకు నూనెలో పూర్తిగా మునిగేలా చూసి, చీకటి అలమరలో నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచండి. రెండు రోజులకోసారి సీసా కదపండి. కొందరు ఎండలో పెట్టమంటారు, వెలుతురుకు నూనె త్వరగా చెడుతుంది కాబట్టి అది నాకు నచ్చదు. తొందరైతే గిన్నెలో నీళ్లు పోసి సన్నటి మంట మీద పెట్టి, దానిలో నూనె గిన్నెను దించి, రెండు గంటలు గోరువెచ్చగా ఉంచండి. నూనె నుంచి పొగ గానీ, ఆకు వేగుతున్న వాసన గానీ రాకూడదు. మనం పోపు పెట్టడం లేదు.

నూనె ఎంపిక మీ చర్మాన్ని బట్టి. ఒళ్లంతా మర్దనకు నువ్వుల నూనె బాగుంటుంది. చలికాలంలో పొడిబారే చేతులకు, కాళ్లకు కొబ్బరి నూనె చాలు. ముఖానికి, అందులో జిడ్డు చర్మానికి హోహోబా (జొజోబా గింజల) నూనె నయం, అది త్వరగా చెడదు కూడా. ఆముదం ఒక్కటే వాడితే మరీ చిక్కగా ఉంటుంది, వేరే నూనెలో నాలుగోవంతు కలపండి.

వడగట్టాక ముదురు రంగు సీసాలో పోసి తేదీ రాసి పెట్టుకోండి. మూడు నాలుగు నెలల్లో వాడేయడం మంచిది. పాత క్రేయాన్ల వాసన, మైనం వాసన, చేదు కంపు వస్తే చెడినట్టే.

ఎసెన్షియల్ ఆయిల్ ఎన్ని చుక్కలు వేయాలి? నేరుగా రాస్తే ఏమవుతుంది?

నేరుగా రాయకూడదు, ఒక్క చుక్క కూడా. ఒక చిన్న సీసా ఎసెన్షియల్ ఆయిల్ రావాలంటే కిలోల కొద్దీ ఆకు కావాలి, దాని గాఢత అలాంటిది. మంట, దద్దుర్లు, మచ్చలు అని మనం వినే కథల్లో చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

లెక్క తేలికే. ఒక టీస్పూన్ అంటే 5 మి.లీ. అందులో ఒక చుక్క వేస్తే సుమారు 1 శాతం. ఒంటికి, కాళ్లకు ఇది చాలు. ముఖానికి అందులో సగం, అంటే రెండు టీస్పూన్ల నూనెకు ఒక చుక్క. తలకు 2 శాతం దాటొద్దు, టీస్పూన్‌కు రెండు చుక్కలు. 30 మి.లీ. సీసా చేసుకుంటే ముఖానికి 3 చుక్కలు, ఒంటికి 6, తలకు 12. చుక్క సైజు సీసా మూతను బట్టి మారుతుంది, అనుమానంగా ఉంటే తక్కువకే మొగ్గండి.

నీళ్లలోనో రోజ్‌వాటర్‌లోనో కలిబంద గుజ్జులోనో వేసి ఊపితే కలిసిపోయిందనుకోవద్దు. నూనె నీటిలో కరగదు, పైన తేలుతుంది. స్ప్రే కొట్టినప్పుడు ఆ తేలిన చుక్క అచ్చంగా మీ బుగ్గ మీదే పడుతుంది. ఏదైనా నూనెలో కలిపే వాడాలి. తాగడం, కళ్ల చుట్టూ రాయడం, పెదాలకు పూయడం మూడూ వద్దు.

నిమ్మరసం, వంటసోడా కలపొచ్చా?

వద్దు. నిమ్మరసం పులుపు చర్మానికి చాలా ఎక్కువ, పైగా నిమ్మ రాసుకుని ఎండలోకి వెళ్తే బొబ్బలు, మచ్చలు వచ్చే ప్రమాదముంది. సోడా క్షారం. రోజ్‌మేరీతో కలిపినంత మాత్రాన ఈ రెండూ మంచివైపోవు.

సున్నిపిండిలో కలుపుకోవచ్చా?

హాయిగా. నన్నడిగితే మన ఇళ్లలో రోజ్‌మేరీకి అన్నిటికన్నా సరిపోయే చోటు ఇదే. ఎందుకంటే పొడి సరుకులో నీరుండదు, ప్రిజర్వేటివ్ గొడవ ఉండదు, కడిగేసేది కాబట్టి చర్మం మీద గంటల తరబడి నిలవదు.

ఒక కప్పు పెసరపిండికి అరకప్పు శనగపిండి, రెండు చెంచాల బియ్యప్పిండి, ఒక చెంచా ఎండు రోజ్‌మేరీ పొడి. ఆకును మిక్సీలో పట్టాక పిండి జల్లెడలో కాదు, పలుచటి వాయిల్ బట్టలో జల్లించండి. రోజ్‌మేరీ ఆకు ఎంత మెత్తగా పట్టినా గట్టి ఈనె ముక్కలు కొన్ని మిగులుతాయి, అవి చర్మాన్ని గీస్తాయి. కావాలంటే చిటికెడు కస్తూరి పసుపు వేసుకోండి. వాడే ముందు అరచేతిలో తీసుకుని, జిడ్డు చర్మానికైతే నీళ్లతో, పొడి చర్మానికైతే పాలమీగడతో తడిపి రుద్దుకోండి. నువ్వుల నూనె మర్దన తర్వాత దీనితో తలంటు స్నానం చేస్తే ఆదివారం సార్థకమైనట్టే.

మీ ఇంటి నలుగు పిండిలో బావంచాలు ఉంటే ఒక జాగ్రత్త. బావంచాల్లో ఉండే సోరలెన్లు చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తాయి. ఆ పిండితో స్నానం చేసి నడి ఎండలో తిరిగాక ఒళ్లు కమిలితే, కొత్తగా కలిపిన రోజ్‌మేరీని తప్పుపట్టకండి.

పాదాల పగుళ్లకు బామ్ చేయొచ్చా?

చేయొచ్చు. ఊరబెట్టిన నూనె 40 మి.లీ., తేనెటీగల మైనం 10 గ్రాములు. వేడినీళ్ల గిన్నెలో పెట్టి రెండూ కరిగించి, చిన్న డబ్బాలో పోసి చల్లారనివ్వండి. మే నెలలో మరీ మెత్తబడితే ఇంకో రెండు గ్రాముల మైనం చేర్చండి. రంగు కొవ్వొత్తులు కరిగించి వేయొద్దు. రాత్రి పాదాలు పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తుడిచి, రాసి, సాక్స్ వేసుకుని పడుకోండి. నిజం చెప్పాలంటే ఇక్కడ పగులు మానేది మైనం, నూనె తడిని పట్టి ఉంచడం వల్ల. రోజ్‌మేరీ వాసనకూ నూనె మన్నికకూ తోడు. షుగర్ ఉన్నవాళ్లు పాదాల పగుళ్లను ఇంటి వైద్యంతో సరిపెట్టుకోకుండా డాక్టర్‌కు చూపించాలి.

ప్యాచ్ టెస్ట్ ఎలా చేయాలి? ఒక గంట చాలదా?

చాలదు. వెంటనే వచ్చే మంట వేరు, అలర్జీ వేరు. అలర్జీ దద్దుర్లు బయటపడటానికి రెండు మూడు రోజులు పడుతుంది. మోచేతి మడత దగ్గర రూపాయి బిళ్లంత చోట, మీరు వాడబోయే మిశ్రమాన్నే ఉదయం, సాయంత్రం రాయండి. కనీసం మూడు రోజులు, వీలైతే వారం చూడండి. దురద, ఎరుపు, చిన్న పొక్కులు ఏది వచ్చినా ఆపేయండి. రోజ్‌మేరీకి అలర్జీ వచ్చినవాళ్ల గురించి వైద్య పత్రికల్లో నమోదైంది. యాంటీ ఆక్సిడెంట్ అని పొగిడే ఆ కార్నోసాలే కొన్ని కేసుల్లో అలర్జీకి కారణమని తేలింది. థైమ్, ఒరెగానో పడనివాళ్లు ముందే జాగ్రత్తపడాలి.

ఎవరెవరు దూరంగా ఉండాలి?

మూర్ఛ ఉన్నవాళ్లు ఎసెన్షియల్ ఆయిల్ వాడకూడదు, అందులోని కర్పూరం ఫిట్స్‌ను రేపగలదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు డాక్టర్‌ను అడగకుండా ఎసెన్షియల్ ఆయిల్ జోలికి పోవద్దు. పసిపిల్లల ముఖం, ముక్కు దగ్గర సినియోల్, కర్పూరం ఉన్న ఏ నూనె రాసినా ఊపిరి ఇబ్బంది రావచ్చు. జలుబు చేసిందని చంటిబిడ్డ ఛాతీకి ఇది రాయడం అసలు వద్దు. ఎగ్జిమా ఉన్నవాళ్లకు, ఘాటు వాసనతో ఆయాసం పెరిగే ఆస్తమా వాళ్లకు ఇది సరిపడదు.

డాక్టర్ రాసిన క్రీములతో కలిపి వాడొచ్చా?

మొటిమలకు రాసే రెటినాయిడ్లు, బెంజాయిల్ పెరాక్సైడ్, పైపొర ఊడదీసే పీలింగ్ లాంటివి వాడుతున్నప్పుడు చర్మం పొడిబారి, సున్నితంగా ఉంటుంది. అప్పుడు కషాయం కూడా చురుక్కుమంటుంది. ఆ కోర్సు అయ్యేదాకా ఆగండి. తెల్లబడటానికని ఏళ్ల తరబడి స్టెరాయిడ్ క్రీములు రాసినవాళ్ల ముఖం మరీ సున్నితం. వాళ్లకు కావలసింది చర్మవ్యాధి నిపుణుడు, కొత్త మూలిక కాదు.

ఎండ నుంచి కాపాడుతుందా?

లేదు. సన్‌స్క్రీన్ సన్‌స్క్రీనే.

జుట్టుకు మాత్రం రుజువైందట కదా?

చర్మం సంగతి మాట్లాడుతుంటే ఈ ప్రశ్న రాకుండా ఉండదు, తల మాడు కూడా చర్మమే మరి. 2015లో ఇరాన్‌లో వంశపారంపర్యంగా జుట్టు పలచబడుతున్న 100 మందిని రెండు జట్లు చేసి, సగం మందికి రోజ్‌మేరీ ఆయిల్, సగం మందికి జుట్టు పెరగడానికి తలకు రాసే మందు మినాక్సిడిల్‌ను 2 శాతం గాఢతలో ఇచ్చారు. మూడు నెలలకు ఇద్దరిలోనూ చెప్పుకోదగ్గ మార్పు లేదు. ఆరు నెలలకు రెండు జట్లలోనూ వెంట్రుకల సంఖ్య పెరిగింది. దురద మినాక్సిడిల్ జట్టులో ఎక్కువ. ఆశ పుట్టించే ఫలితమే కానీ, ఏ మందూ లేని మూడో జట్టు అందులో లేదు. పైగా పోల్చింది 2 శాతం మినాక్సిడిల్‌తో, ఇప్పుడు మగవాళ్లు ఎక్కువగా వాడేది 5 శాతంది.

అసలు గమనించాల్సింది ఇంకోటి. ఆ పరీక్షలో వాడింది నూనె. వీడియోల్లో అమ్మేది నీళ్లు. ఆ ఫలితాన్ని రోజ్‌మేరీ నీళ్ల సీసా మీద అతికించడం కుదరదు.

పేనుకొరుకుడుకు కూడా 1998లో స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో ఒక పరీక్ష జరిగింది. థైమ్, రోజ్‌మేరీ, లావెండర్, సెడార్‌వుడ్ నూనెల మిశ్రమంతో రోజూ మర్దన చేసినవాళ్లలో 44 శాతం మందికి, ఉత్త నూనె రాసినవాళ్లలో 15 శాతం మందికి మెరుగైంది. నాలుగు నూనెలు కలిపారు కాబట్టి ఘనత రోజ్‌మేరీ ఒక్కదానికే ఇవ్వలేం. చుండ్రు ఎక్కువగా ఉంటే ముందు అది తగ్గించుకోండి. చుండ్రుకు కారణమైన ఫంగస్ నూనెల్లోని కొవ్వు తిని బతుకుతుంది.

షాపులో ఏది చూసి కొనాలి?

ఎండు ఆకు సూపర్ మార్కెట్లలో ఒరెగానో పక్కన దొరుకుతుంది. ఉప్పు, కారం కలిపిన సీజనింగ్ కాకుండా ఉత్త ఆకే కొనండి. ఆకు ఇంకా పచ్చదనం నిలుపుకుని, మూత తీయగానే వాసన రావాలి. గోధుమ రంగు గడ్డిలా ఉంటే పాతది.

ఎసెన్షియల్ ఆయిల్ సీసా మీద రోస్మరినస్ అఫిసినాలిస్ లీఫ్ ఆయిల్ అని ఉండాలి. 2017 నుంచి శాస్త్రవేత్తలు ఈ మొక్కను సాల్వియా జాతిలో చేర్చారు కాబట్టి సాల్వియా రోస్మరినస్ అని ఉన్నా అదే. ఫ్రాగ్రెన్స్ ఆయిల్, పర్ఫ్యూమ్ ఆయిల్ అని ఉంటే అది అగరుబత్తుల వాసన సరుకు, చర్మానికి కాదు. ‘రోజ్‌మేరీ హెయిర్ ఆయిల్’ అన్న సీసాలో పదార్థాల వరుస చదవండి. మొదట్లో మినరల్ ఆయిల్, చివర్లో ఎక్కడో రోజ్‌మేరీ ఉంటే మీరు డబ్బు కట్టింది పేరుకే. ఎసెన్షియల్ ఆయిల్‌కు తెల్ల కాగితం మీద చేసే పరీక్ష ఒకటి ఉంది: అచ్చమైన ఎసెన్షియల్ ఆయిల్ చుక్క కొన్ని గంటల్లో చాలావరకు ఆవిరైపోతుంది, వేరే నూనెలో కలిపి అమ్మిందైతే జిడ్డు మరక అలాగే ఉంటుంది.

హైదరాబాద్‌లో కుండీలో పెరుగుతుందా?

పెరుగుతుంది, నీళ్లు ఎక్కువ పోయకపోతే. రోజూ తులసికి పోసినట్టు దీనికీ చెంబుతో పోసి చంపేసేవాళ్లే ఎక్కువ. మట్టి కుండీ, అడుగున పెద్ద కన్నం, ఎర్రమట్టిలో సగం ఇసుక. పై అంగుళం మట్టి ఎండితేనే నీళ్లు. పొద్దుటి ఎండ పడాలి, మే మధ్యాహ్నాలు నీడ కావాలి, వానాకాలం చూరు కిందికి జరపాలి. తేమ ఎక్కువున్న విశాఖ, కాకినాడ వైపు వేరుకుళ్లు ఇంకా త్వరగా వస్తుంది. విత్తనాలతో మొలకెత్తించడం విసుగు, చలికాలం మొదట్లో బెత్తెడు లేత కొమ్మ కత్తిరించి నాటడం తేలిక. కోసిన కొమ్మల్ని కట్టగట్టి నీడలో, ఫ్యాన్ గాలికి తలకిందులుగా వేలాడదీస్తే బాగా ఎండుతాయి.

ఆస్ట్రేలియా, కాలిఫోర్నియాలో ఉంటున్న మనవాళ్లకు ఈ బాధే లేదు, అక్కడ ఇది ప్రహరీ వెంట కంచెలా పెరుగుతుంది. రోడ్డు పక్క పొదల నుంచి మాత్రం కోయకండి, ఏ మందు కొట్టారో తెలియదు.

చేసినవి బాగా కుదిరాయి. ఇన్‌స్టాగ్రామ్‌లో అమ్మొచ్చా?

బంధువులకు ఇచ్చుకోవడం వేరు, అమ్మడం వేరు. మన దేశంలో అమ్మకానికి కాస్మెటిక్స్ తయారు చేయాలంటే 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టం, 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర అధికారుల నుంచి తయారీ లైసెన్స్ ఉండాలి. లేబుల్ మీద పదార్థాలు, బ్యాచ్ నంబర్, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలి, తయారీదారు చిరునామా రాయాలి. లైసెన్స్ ఉన్న యూనిట్‌తో చేయించుకుని అమ్మేవాళ్లూ ఉన్నారు. ఆ దారిలో వెళ్లేట్టయితే నీళ్లున్న టోనర్‌తో కాకుండా సున్నిపిండితోనో బామ్‌తోనో మొదలుపెట్టండి, నిల్వ సమస్య సగం తగ్గుతుంది. ‘మొటిమలు నయం చేస్తుంది’, ‘జుట్టు మొలిపిస్తుంది’ అని లేబుల్ మీద రాయకండి. రోగం నయం చేస్తుందని చెప్పిన మరుక్షణం అది చట్టం దృష్టిలో కాస్మెటిక్ కాదు, మందు.